గుండుతో కోర్టుకు

ఎనభైలలో, డెట్రాయిట్ పక్క ఊళ్ళో మా అక్క కొడుకు గంజాయి కేసులో జైలు శిక్ష తప్పి ప్రొబేషన్ మీద ఉన్నాడు. అంటే షరతుల మీద ఇంట్లో ఉండడం. ఆఫీసరు పిలిచినప్పుడల్లా వెళ్ళాలి, మూత్ర పరీక్ష ఇవ్వాలి, అనుమతి లేకుండా రాష్ట్రం దాటకూడదు. ఆ చలికాలం పరీక్షలో మళ్ళీ గంజాయి బయటపడింది.

లాయరు మమ్మల్ని కూర్చోబెట్టి జరగబోయేది చెప్పాడు. ఆఫీసరు కోర్టుకు రిపోర్టు పంపుతాడు. జ్యూరీ ఉండదు, జడ్జి ఒక్కడే వింటాడు. మొదటి కేసులో కావలసినంత రుజువు ఇక్కడ అక్కర్లేదు. జడ్జి షరతులు బిగించి వదిలేయవచ్చు, చికిత్సకు పంపవచ్చు, లేదా జైల్లో పెట్టవచ్చు. కుర్రవాడు తప్పు ఒప్పుకుంటున్నాడు, చికిత్సా కేంద్రంలో చోటు కూడా దొరికింది. విచారణ దాకా ఇంకో తప్పు జరగకపోతే చాలన్నాడు.

అక్క అప్పటికే మొక్కుకుంది, పెన్సిల్వేనియాలో కొండ మీద మనవాళ్ళు కట్టుకున్న వెంకటేశ్వరుడి గుడిలో వాడి తలనీలాలు ఇప్పిస్తానని.

"రాష్ట్రం దాటకూడదన్నారు కదక్కా," అన్నాను ఇంటికొచ్చాక వంటింట్లో. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. జుట్టుకూ జడ్జి తీర్పుకూ సంబంధమేమిటి, తప్పు చేసింది తలకాయ అయితే వెంట్రుకలకు శిక్ష ఎందుకు, అని మొదలుపెట్టాను.

"మీ తమ్ముడికి మైకు దొరికింది," అన్నాడు బావ.

"నా పెళ్ళిలో మంత్రాలు వద్దన్నావు. నాన్న పోతే తద్దినం వద్దన్నావు. ఇప్పుడు ఇదీ వద్దంటున్నావు," అంది అక్క. "నువ్వు వద్దననిది ఏముందిరా?"

మేనల్లుడు నవ్వాడు. "ఇట్స్ ఓకే మామయ్యా. అమ్మకి హ్యాపీ. వీకెండ్ ట్రిప్ అంతే. హెయిర్ మళ్ళీ వస్తుంది కదా."

ఆ శనివారం వెళ్ళొచ్చారు.

విచారణలో అంతా లాయరు చెప్పినట్టే నడిచింది. చివర్లో జడ్జి వాడి గుండు చూసి, ఇదేమిటని మామూలుగానే అడిగాడు. మన ఇళ్ళలో మొక్కు తీర్చుకోవడం బుద్ధి మారిందనడానికి గుర్తు. అక్క దాచవలసిన సంగతి అనుకోలేదు. లేచి నిలబడి, గుడికి తీసుకెళ్ళి దేవుడికి జుట్టు ఇప్పించామని ఇంగ్లీషులో గర్వంగా చెప్పింది.

"ఆ గుడి ఎక్కడ, మేడమ్?"

"పెన్సిల్వేనియా."

లాయరు కళ్ళు మూసుకున్నాడు. జడ్జి ఆఫీసరు వైపు తిరిగాడు. అనుమతి కోసం తనను ఎవరూ అడగలేదని ఆఫీసరు చెప్పాడు. చికిత్స మాట పోయి జైలు మాట వచ్చింది.

బయట మెట్ల మీద లాయరు అన్నాడు, ముందే ఒక ఫోన్ చేసి అడిగితే ఆఫీసరు ఒప్పుకునేవాడేనని, గుళ్ళకూ చర్చిలకూ సాధారణంగా కాదనరని. ఆ రోజు వంటింట్లో అంత వాదన జరిగింది. ఆ చిన్న మాట ఎవరి నోటా రాలేదు. వెళ్ళాలన్నవాళ్ళకు అడగాలని తోచలేదు. వద్దన్నవాడికి, వెళ్ళే దారి ఒకటి ఉందేమోనని వెతకాలనిపించలేదు.

దేవుడు లేడని నేను ఇప్పటికీ అంటాను. అందులో ఒక్క అక్షరం వెనక్కి తీసుకోను. కాని ఆ రోజు తేలవలసింది దేవుడి సంగతి కాదు. నేను నిజంగా చెప్పవలసిన ఒక్క హెచ్చరిక, అక్క చెవికి నా పాత ఉపన్యాసంలాగే వినపడింది.

జైలుకు వాణ్ణి చూడ్డానికి వెళ్తే, అద్దం అవతల వాడి జుట్టు కొంచెం మొలిచి కనిపించింది. అక్కను నవ్వించాలని తల నిమురుకుని చూపించాడు. ఆమె కళ్ళు తుడుచుకోవడానికి పక్కకు వెళ్ళాక నన్ను అడిగాడు.

"ట్రీట్‌మెంట్ సెంటర్‌లో నా బెడ్ ఎవరికిచ్చారు, మామయ్యా?"

తెలియదన్నాను.