ఒడ్డున వదిలిన తెడ్డు

భద్రాచలంలో నాది మోటార్ల వైండింగ్ షాపు. మూడేళ్ల క్రితం, గోదావరిలో చేపలు పట్టే ముత్తన్న తన పడవ బ్యాటరీ మోటారు తెచ్చాడు. నీళ్లలో తిరిగే రెక్కను పట్టి ఉంచే పిన్ను విరిగింది. కొత్తది దొరక్క సైకిల్ పుల్ల ముక్క దూర్చి, ఆ సంగతి చెప్పకుండా ఇచ్చేశాను.

"చేసినోడివి, నువ్వు గూడ ఎక్కు తమ్మీ" అని, మోటారు బిగించిన రోజు నన్నూ పడవ ఎక్కించాడు.

నది నడుమ తెగిన వలేదో రెక్కకు చుట్టుకుంది. పుల్ల విరిగింది. మోటారు తిరుగుతోంది కానీ రెక్క తిరగడం లేదు; పడవ నీటి వాలుకు కొట్టుకుపోతోంది. నాకు ఈత రాదు.

"తెడ్డేదన్నా?" అని అరిచాను.

"నువ్వు బాగుజేసినవ్ గదా అని ఒడ్డునే పెట్టిన."

బ్యాటరీ పెట్టె మూతతో నీళ్లు తోసుకుంటూ ఎలాగో ఇసుకతిన్నె చేరాం.

కొత్త పిన్ను వేసిన రోజు ముత్తన్న మళ్లీ ఎక్కమన్నాడు. ఈసారి తెడ్డు పడవలోనే ఉంది. ఒడ్డు చేరేదాకా నేను దానికేసి చూడలేకపోయాను.