ఈరమ్మ దగ్గు

చంపాపేట్ మెయిన్ రోడ్డు మీది పిండి గిర్నిలో ఈరమ్మ కారం పట్టబట్టి ఇరవై ఏళ్లు దాటింది. నల్గొండ దిక్కు పల్లె నుంచి పెనిమిటితో పట్నమొచ్చినప్పుడు ఆయన సెంట్రింగ్ పనికి పోయేవాడు, ఈమె గిర్నికి పోయేది. ఆయన పోయి చాలా కాలమైంది. ఒక్కతే బిడ్డ, స్వప్న. దిల్‌సుఖ్‌నగర్‌లో చీరెల షాపులో సేల్స్‌గర్ల్. తల్లీబిడ్డలు గిర్ని వెనక గల్లీలో, శివమ్మ ఇంట్లో ఒక అర్రలో కిరాయికుండేవాళ్లు.

గిర్ని ఇచ్చిన కూలి ఎప్పటికప్పుడు ఎటు పోయేదో పోయేది గానీ, అది ఇచ్చిన దగ్గు మాత్రం ఈరమ్మ ఒంట్లోనే ఉండిపోయింది. ఎండలు ముదిరే ముందు, జనమంతా ఏడాదికి సరిపడా కారం, పసుపు పట్టించుకునే రోజుల్లో అది ఇంకా ఎక్కువయ్యేది. కఫం లేని పొడి దగ్గు. మొదలైతే పక్కటెముకలు పట్టుకుని కూర్చోవాల్సిందే. గల్లీలో అందరికీ అలవాటే. పొద్దుగూకేటప్పుడు మలుపు కాడ దగ్గు వినబడితే చాలు, ఈరమ్మ వస్తోందని శివమ్మ గేటు గొళ్లెం తీసి పెట్టేది.

కరోనా వచ్చి లాక్‌డౌన్ పెట్టిన మార్చి నెలలో గిర్ని మూశారు. చీరెల షాపు అంతకు ముందే మూశారు. అందరికీ అలవాటైన ఆ దగ్గు కొన్ని రోజుల్లోనే వేరే దగ్గయి కూర్చుంది.

ఈరమ్మకు ఆ సంగతి మొదట తెలిసింది ఫోన్లో. గిర్ని ఎప్పుడు తెరుస్తారో అడుగుదామని బాల్‌రాజ్ సేటుకు స్వప్నతో ఫోన్ చేయించి చెవికి పెట్టుకుంది. రింగుకు బదులు ఎవరో ఖళ్లుఖళ్లున దగ్గారు. ఉలిక్కిపడి ఫోను చెవి దగ్గర నుంచి తీసేసింది.

"గదేందే, ఎవలో దగ్గుతున్నరు?"

"గవర్నమెంటోళ్లు పెట్టిన్రమ్మా. గట్ల దగ్గొస్తే జాగ్రత్తగుండుమని."

"నాది గూడ గట్లనే ఉంటది గద."

స్వప్న ఫోను తీసుకుని కట్ చేసి, లేచి తలుపు దగ్గరికేసింది. 

ఆ తర్వాత పక్క గల్లీలో ఒక ముసలాయనకు కరోనా అని తేలింది. అంబులెన్స్ వచ్చింది. తెల్ల తొడుగుల మనుషులు దిగి ఆయన్ని ఎక్కించుకుపోయారు. ఎవరూ రాకుండా పోకుండా ఆ గల్లీ మొదట రేకులు కొట్టారు. ఆయన మళ్లీ రాలేదు. ముఖం కూడా చూపించలేదని ఆయన కోడలు మేడ మీద నిలబడి ఏడిస్తే, జనం కిటికీలు మూసుకుని విన్నారు. అప్పటి నుంచి ఈరమ్మకు రోగం కంటే అంబులెన్సంటే ఎక్కువ భయం పట్టుకుంది. దగ్గు వస్తే దిండులో ముఖం కుక్కుకునేది. దవడన ఎప్పుడూ పటికబెల్లం ముక్క ఉండేది. నవ్వితే దగ్గొస్తుందని నవ్వడం కూడా మానేసింది.

ఒకరోజు శివమ్మ వచ్చి గడపకు అంత దూరంలో నిలబడింది.

"కిరాయి కోసం రాలే ఈరమ్మా. మూడు నెలలు అడగొద్దని సర్కారు చెప్పింది, నేను అడుగుత లేను. దగ్గు సంగతి అడుగుతున్న."

"గది గిర్ని దగ్గమ్మా. నీకెరికే గద."

"ఎరికే. కానీ మా ఆయనకు షుగరు. గుండెకు స్టెంటు ఏసిన్రు. గోడ అవతల నువ్వు దగ్గినప్పుడల్లా నా పానం గుంజుతది."

శివమ్మ కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండు, ఎదురు చెప్పేదాన్ని అనుకుంది ఈరమ్మ.

మర్నాడు ఆశా కార్యకర్త కౌసల్యమ్మ ఇల్లిల్లూ తిరుగుతూ వచ్చింది. దగ్గు, జ్వరం ఎవరికైనా ఉన్నాయా అని అడుగుతోంది. ఆమె గొంతు వినగానే ఈరమ్మ బాత్రూంలోకి పోయి నల్లా తిప్పుకుంది. నోట్లో కొంగు కుక్కుకుని, బకెట్ నిండి పొర్లుతున్నా కట్టేయకుండా నిలబడింది. బయట స్వప్న "ఎవరికి లేదు మేడం" అని చెప్పడం వినబడింది. బిడ్డ అబద్ధం అంత తడుముకోకుండా చెప్పగలదని ఆమెకు అంతకుముందు తెలియదు.

సర్కారు ఇచ్చిన బియ్యం స్వప్న పోయి తెచ్చింది. ఉన్న బియ్యంతో కొన్నాళ్లు నెట్టుకొచ్చారు. గ్యాస్ అయిపోయింది. బియ్యం ఉండీ వండుకునే దారి లేక, ఎదురింటి అండాలమ్మ పొయ్యి మీద ఒక పూట వండుకుని రెండు పూటలు తిన్నారు. ఆ సమయంలోనే రేషన్ కార్డు ఉన్నవాళ్లకు సర్కారు వేస్తానన్న పదిహేను వందలు ఈరమ్మ ఖాతాలో పడ్డట్టు మెసేజ్ వచ్చింది.

"జల్దీ తీస్కో ఈరమ్మా," అంది అండాలమ్మ. "తీస్కోకుంటే వాపస్ పోతయని అంటున్నరు."

అది నిజమో కాదో ఎవరికీ తెలియదు. కానీ గల్లీలో ప్రతి నోటా అదే మాట.

"నేను పోతనే, నువ్వొద్దు," అంది స్వప్న.

"నీ ఏలుకు ఇస్తరా? నా ఏలే గావాలె."

ఈరమ్మకు చదువు లేదు, ఏటీఎం కార్డు లేదు. వేలిముద్ర వేసి తీసుకోవాల్సిందే. ఇద్దరూ కలిసి పోతే పోలీసులు ఆపుతారని ఒక్కతే బయల్దేరింది. ఫోను ఎక్కడన్నా పడిపోతుందేమోనని దాన్ని కూడా ఇంట్లోనే వదిలేసింది. ఎల్బీ నగర్ చౌరస్తా దగ్గరి బ్యాంకు దాకా నడక. బస్సుల్లేని సాగర్ రింగ్ రోడ్డు అంత వెడల్పుగా ఉంటుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు. మనిషి కనబడితే భయం, కనబడకపోతే ఇంకా భయం.

బ్యాంకు ముందు సున్నంతో గుండ్రాలు గీశారు. గుండ్రానికో మనిషి. ఈరమ్మ తన గుండ్రంలో నిలబడి కొంగు ముక్కుకు అడ్డంగా బిగించుకుంది. ముందొక హెల్మెట్ పెట్టుకున్న మనిషి, వెనక చంటిపిల్లను ఎత్తుకున్న పడుచు. ఎండ మాడుస్తోంది. దవడన పెట్టుకున్న పటికబెల్లం కరిగిపోయింది. కొంగుముడిలో ఇంకో ముక్క ఉంది గానీ, తీయాలంటే మూతి మీది కొంగు దించాలి.

తలుపు దగ్గరికి వచ్చేసరికి గొంతులో చీమ పాకినట్టయింది. ఉమ్మి మింగింది. మళ్లీ మింగింది. ఊపిరి బిగబట్టి మెట్రో పిల్లర్ వంక చూస్తూ, వేరే ఏదన్నా తలుచుకుందామని చూసింది. బిడ్డ చిన్నప్పటి ముఖం తలుచుకుంది. కళ్లలోంచి నీళ్లు కారాయి. ఇంక ఆగలేదు. ఇన్నాళ్లు దిండులో అణిచిపెట్టిన దగ్గంతా ఒక్కసారిగా తన్నుకొచ్చింది.

కళ్లు తెరిచేసరికి చుట్టూ మనుషుల్లేరు. వెనకున్న పడుచు చంటిదాన్ని అదుముకుని రోడ్డు అవతలికి పరిగెత్తింది. బ్యాంకు తలుపు దాకా దారి ఖాళీ. ఈరమ్మ ఆ ఖాళీలోంచి రెండడుగులు వేసింది. సెక్యూరిటీ గార్డు రామస్వామి కర్ర అడ్డం పెట్టాడు. ముసలాయన, తనూ వెనక్కి జరిగాడు.

"ఆడనే కూసో అమ్మా. దగ్గరికి రాకు. నీకు దండం పెడత."

"గిది గిర్ని దగ్గయ్యా. కారం దగ్గు."

ఎవరూ వినలేదు. ఎవరో అప్పటికే ఫోన్ చేశారు. ఫుట్‌పాత్ మీద కూర్చున్న ఈరమ్మ ముందే అంబులెన్స్ వచ్చి ఆగింది. లేచి పోదామనుకునేలోపే బండి తలుపు తెరుచుకుంది.

తెల్ల తొడుగు మనిషి ఇల్లెక్కడ అని అడిగాడు. గల్లీ మొదట కొట్టిన రేకులు కళ్ల ముందు మెదిలాయి. తన వల్ల శివమ్మ గేటుకు రేకులు కొడితే, ఆమె అర్ర ఖాళీ చేయిస్తే బిడ్డ ఎక్కడుంటుంది? శివమ్మ పెనిమిటి రామచంద్రం సారు గుండెకేమైనా అయితే?

"మీర్‌పేట్," అంది ఈరమ్మ. నోటికొచ్చిన కాలనీ పేరు చెప్పింది.

బండి కదిలి కొంత దూరం పోయాక గానీ ఆమెకు తట్టలేదు. తను ఎక్కడున్నదో బిడ్డకు చెప్పేవాళ్లు ఇక ఎవరూ లేరు. స్వప్న నంబరు ఆమెకు నోటికి రాదు.

దవాఖానలో ముక్కులోంచి, గొంతులోంచి పుల్లతో నమూనా తీసి టెస్టుకు పంపారు. పొడవాటి వార్డు. మంచానికీ మంచానికీ నడుమ దూరం. ఎవరు దగ్గినా ఈరమ్మ గోడ వైపు తిరిగేది. లేని రోగం ఇక్కడే అంటుకుంటుందన్న భయం. పక్క మంచం మీది మనిషిని బండి మీద తోసుకుపోయారు, ఎక్కడికని అడగడానికి ధైర్యం చాలలేదు. తనను కూడా అట్లాగే తీసుకుపోతే, ఈమె మా మనిషని చెప్పుకునేవాళ్లు ఎవరూ ఉండరు. మీర్‌పేట్‌లో లేని మనిషెవరో పోయినట్టు రాసుకుంటారు. బిడ్డ మాత్రం చంపాపేట్‌లో గేటు దగ్గర నిలబడే ఉంటుంది.

అన్నం ముట్టని ఈరమ్మ దగ్గరికి నర్సు అమల వచ్చింది. ఆంధ్రా దిక్కు మనిషి.

"ఏమ్మా, తినకపోతే ఎలాగండీ? మీ వాళ్లకి ఫోన్ చేసి చెప్పమంటారా?"

ఆ మాటతో ఈరమ్మ ఏడ్చేసింది. ఇల్లు మీర్‌పేట్‌లో కాదని, చంపాపేట్ గిర్ని వెనక గల్లీ అని, బిడ్డ ఒక్కతే ఉందని మొత్తం చెప్పింది. తిడుతుందేమో, పోలీసులకు చెబుతుందేమో అని ముఖానికి చేతులు అడ్డం పెట్టుకుంది. అమల తిట్టలేదు. అక్కడి ఆశా కార్యకర్తకు కబురు పంపిస్తానని చెప్పి, అన్నం పళ్లెం ఆమె చేతికిచ్చింది.

ఆ కబురు కౌసల్యమ్మకు చేరింది. ఆమె వచ్చేసరికి స్వప్న గేటు బయట, చెప్పులు కూడా లేకుండా నిలబడి ఉందట. అప్పటికే బ్యాంకు దాకా రెండుసార్లు పోయొచ్చింది. విషయం విన్నాక కౌసల్యమ్మ అన్నదట: "నాకు ముందే చెప్తే మన బస్తీ దవాఖాన డాక్టరమ్మకే చూపిస్తుంటి గదనే. నన్ను జూసి గూడ భయపడితే ఎట్ల?"

టెస్టు నెగెటివ్ వచ్చింది. ఛాతీ చూసిన డాక్టరు, ఇది దుమ్ముతో వచ్చిన దగ్గని చెప్పి మందులిచ్చాడు. ఒక పోలీసు బండి ఈరమ్మను ఎల్బీ నగర్ దాకా దించింది. అక్కడి నుంచి నడిచి గల్లీలోకి వస్తుంటే కిటికీలు ఒకటొకటిగా మూసుకున్నాయి. గేటు దగ్గర శివమ్మ ఉంది. ఈరమ్మ దూరంగానే ఆగిపోయింది.

"పొమ్మంటే పోతనమ్మా. బిడ్డను మాత్రం ఉండనియ్యి."

శివమ్మ ముఖానికి కట్టుకున్న తువ్వాల సరిచేసుకుంది.

"ఎక్కడికి పోతవ్? లోపలికి పో. కానీ కొన్ని దినాలు ఇటు దిక్కు రాకు. నాకు భయమైతుంది ఈరమ్మా. అబద్ధమెందుకు చెప్పాలె."

"నాకు గూడ అయితుందమ్మా," అంది ఈరమ్మ.

పైసలు వాపస్ పోలేదు. ఆ పుకారు వట్టిదేనని తర్వాత తెలిసింది. మే నెలలో రెండో విడత కూడా పడ్డాక మళ్లీ బ్యాంకుకు పోయింది, ఈసారి స్వప్న వెంట వచ్చింది. రామస్వామి ఈరమ్మను గుర్తుపట్టాడు. పట్టి, చూపు తిప్పుకుని, లైను పల్చబడే దాకా పక్కన నీడలో కూర్చోబెట్టాడు. అది మర్యాదో జాగ్రత్తో ఆమెకు అర్థం కాలేదు. లోపల అద్దం వెనకున్న అమ్మాయి మిషను ముందుకు జరిపింది. ఏళ్ల తరబడి కారంలో అరిగిన వేలికి ముద్ర పడలేదు. తుడిచి మళ్లీ పెట్టమంది. మూడోసారికి పడింది. అంతసేపూ ఈరమ్మ ఊపిరి తీసుకోలేదు.

గిర్ని తెరిచాక బాల్‌రాజ్ ఆమెను కారం మిషను దగ్గరికి రానివ్వలేదు, దగ్గే మనిషిని చూస్తే గిరాకీకి వచ్చేవాళ్లు భయపడతారని. వెనక అర్రలో గోధుమలు చెరిగే పని ఇచ్చాడు. దాంతో దగ్గు సగం తగ్గింది. కూలి కూడా తగ్గింది.

మరుసటి ఏడాది కరోనా మళ్లీ విజృంభించినప్పుడు శివమ్మ పెనిమిటి రామచంద్రం పోయాడు. ఆయనకు ఎవరి నుంచి అంటుకుందో ఎవరికీ తెలియదు. ఆ రోజు ఈరమ్మ తన అర్రలో కూర్చుని, గత నెల రోజుల్లో తాను ఎప్పుడెప్పుడు దగ్గిందో, ఎక్కడెక్కడ దగ్గిందో గుర్తు తెచ్చుకుంటూ ఉండిపోయింది. స్వప్న ఎంత చెప్పినా వినలేదు. తర్వాత లేచి, మూతికి కొంగు కట్టుకుని, శివమ్మ గడప దగ్గరికి పోయి నిలబడింది. లోపలికి రమ్మనే దాకా అక్కడే నిలబడింది. శివమ్మ రమ్మంది.