చెంచాకో పేజీ

మా పక్కింటి పెద్దావిడ ప్రాణం పోతుంటే ఆయా నవల్లో తల దూర్చుకుని కూర్చుందని వీధంతా కోడై కూస్తోంది. పాల దుకాణం దగ్గర ఇదే మాట, చర్చి మెట్ల మీదా ఇదే మాట. చెప్పేవాళ్లలో ఒక్కరూ ఆ గదిలో లేరు. నేనూ లేననుకోండి. కానీ నా వంటింటి కిటికీకీ ఆ గది కిటికీకీ మధ్య ఉన్నది మనిషి పట్టేంత సందు. అటు దగ్గితే ఇటు వినబడుతుంది. నేను చదివింది ఐదో తరగతే అయినా వినడానికి చదువెందుకు? విన్నది విన్నట్టు రాస్తున్నాను.

ఆ ఆయాను మేమంతా సంచి ఆయా అంటాం. భుజాన గుడ్డసంచి, సంచిలో అన్నం డబ్బా, డబ్బా పక్కన అట్ట ఊడిన పుస్తకం. బస్సు కోసం నిలబడి చదువుతూ ఆ బస్సునే వదిలేసే రకం. మొగుడు పోయాడు, వెనక దిక్కెవరూ లేరు. మంచం పట్టినవాళ్లకు చాకిరీ చేసి బతుకుతోంది. చర్చి వెనక గదిలో ఒక పుస్తకాల బీరువా ఉంది. పాతకాలపు చక్రవర్తులకు భయపడి విశ్వాసులు నేలమాళిగల్లో ప్రార్థన చేసుకునే కథలు, పాస్టరు మాయమైతే ఆ పని చేసిందెవరో ఆఖరిదాకా తెలియని కథలు, అన్నీ నవలలే. అవంటే ఆమె పడి చచ్చేది.

"ఏముందే వాటిలో?" అని ఒకసారి అడిగాను.

"ఎంత నింద పడ్డా, చూసినవాళ్లు ఎవరో ఒకరు చివర్లో నోరు విప్పుతారు పిన్నీ. అందరూ నమ్ముతారు. అది బాగుంటుంది," అంది.

పెద్దావిడ ఒకప్పుడు బడిపంతులమ్మ. చూపు పోయింది. జారిపడి మంచమెక్కాక తిండి మానేసింది. కొడుకు బతిమాలాడు, కోడలు గదమాయించింది. చెంచా దగ్గరికొస్తే చాలు, పళ్లు బిగబట్టేది. సంచి ఆయాకూ మొదట్లో అదే మర్యాద జరిగింది. ఒకనాడు విసుగెత్తి జావ గిన్నె పక్కన పెట్టి, తన పుస్తకం తీసి పైకి చదువుకోవడం మొదలుపెట్టింది. సైనికులు వచ్చి తలుపు బాదే చోట టక్కున ఆపింది.

"తర్వాత?" అంది పెద్దావిడ.

"నోరు తెరవండి అమ్మగారూ, చెప్తాను."

తెరిచింది. ఆ రోజు నుంచి అదే పద్ధతి. చెంచా జావకు ఒక పేజీ. మంచి పట్టులో ఆపడం, నోరు తెరవగానే అందుకోవడం. పెద్దావిడ బుగ్గలు మళ్లీ నిండాయి. కొడుకు చర్చిలో లేచి నిలబడి దేవుడికి కృతజ్ఞతలు చెప్పాడు. ఆయా పేరెత్తలేదు. నాకు మాత్రం ఆ వేళకు కూరగాయలు తరగడం, ఎంత తరిగినా తరగకపోవడం అలవాటైపోయింది.

బీరువాలో పుస్తకాలు ఒక్కొక్కటే అయిపోయాయి. చివరిది మిగిలింది. గోడలు కట్టుకున్న ఒక పట్టణంలో విశ్వాసులు దాక్కుని ఉంటారు. లోపలివాళ్లే ఎవరో వాళ్ల ఆనవాళ్లు సైనికులకు చేరవేస్తుంటారు. ఎవరది?

"రొట్టెలవాడే. మరీ మెత్తగా మాట్లాడుతున్నాడు," అనేది పెద్దావిడ.

"పాపం, ఆయన పిల్లలకు పంచిపెడుతున్నాడు కదమ్మా. నాకు వైద్యుడి మీద ఉంది."

"నీకు రొట్టె పెడితే చాలు, దొంగనైనా నమ్ముతావు!"

నేను ఇటు నుంచి, "వైద్యుడి పెళ్లాం!" అని అరిచాను కూడా.

పుస్తకం పలచబడేకొద్దీ ఆయా చదివేది తగ్గించింది. పేజీ కాస్తా అరపేజీ అయింది. పెద్దావిడకు కళ్లు లేవు గానీ వేళ్లున్నాయి. పుస్తకం లాక్కుని మిగిలిన కాగితాల మందం తడిమేది. "ఇంతేనా ఉంది? మరి ఎందుకే నానుస్తున్నావు?" అని కసిరేది.

ఆ పొద్దున కూడా వాళ్ల గొంతులు విన్నాను.

"ఇవాళ నాకు ఓపిక లేదే. ఆఖరి అధ్యాయం చదివెయ్. తర్వాత తింటాను."

"ముందు తినండమ్మగారూ."

"ఎవరో చెప్పు. ఒక్క పేరు చెప్పు చాలు."

"తింటేనే."

పెద్దావిడ మరి మాట్లాడలేదు. మధ్యాహ్నానికి ఆయా గొంతు మళ్లీ వినబడింది. "సరే అమ్మగారూ, మీ మాటే నెగ్గింది, వినండి," అని ఆఖరి అధ్యాయం మొదలుపెట్టింది. గడగడా చదువుతోంది. ఆపడం లేదు, నోరు తెరవమనడం లేదు. విశ్వాసులంతా ఒక గదిలో చేరారు, తలుపు వేశారు, వాళ్లలో ఒకరు లేచి నిలబడ్డారు... అక్కడ గొంతు ఆగిపోయింది. "అమ్మగారూ?" అంది. మళ్లీ అంది. అప్పుడే కోడలు గదిలోకి వచ్చింది. ఆమె చూసింది మంచం మీద పోయిన అత్తను, ఒళ్లో పుస్తకం తెరుచుకుని ఉన్న ఆయాను. అంతే చూసింది, అదే వీధికి చెప్పింది.

నేను ఊరుకోలేదు. ప్రహరీ దగ్గర కోడలిని నిలదీశాను. "ఆ పిల్ల తనకోసం చదువుకోవడం లేదమ్మా, మీ అత్తగారికే వినిపిస్తోంది. నా చెవులతో విన్నాను."

"ఓహో, మా ఇంట్లో మాటలన్నీ మీ చెవుల్లోనే ఉన్నాయన్నమాట! ఇంకేం విన్నారో అవీ చెప్పండి ఆంటీ," అని తలుపు వేసుకుంది.

పాస్టరుగారి భార్యకు చెప్పాను. "మీకు జాలి గుండె అక్కా," అని నా చెయ్యి నిమిరి, వెళ్లి బీరువాకు తాళం వేయించింది. చదివితే బైబిలు వాక్యం చదవాలట, నవలలు చేసే పని ఇదేనట. మనిషిని చూసుకోవడానికి ఆ ఆయాను మరి ఏ ఇంటివాళ్లూ పిలవలేదు. నవలల్లో చూసినవాళ్లు నోరు విప్పితే చాలు. ఇక్కడ నేను ఇంటింటికీ తిరిగి విప్పినా విన్నవాడు లేడు.

ఇప్పుడు ఆమె ఇస్త్రీ దుకాణంలో చొక్కాలు మడతపెడుతోంది. సంచి ఉంది, అందులో అన్నం డబ్బా ఒక్కటే. మొన్న చీరలివ్వడానికని వెళ్లాను. చీరలు వంక, అసలు సంగతి నా కడుపులో మాట. ఇన్నాళ్లూ ఆమె తరఫున వాదించాను కదా, నాకూ ఒకటి తెలియాలి.

"ఆవిడ అంత బతిమాలింది కదే. ఆ పొద్దునే చదివేస్తే నీ సొమ్మేం పోయింది? తినాలనే కదూ ఆపావు?"

ఇస్త్రీపెట్టె పక్కకు నిలబెట్టింది. చొక్కా కాలరు సవరిస్తూ, నా వైపు చూడకుండానే చెప్పింది.

"ఆవిడ తినాలని అంటే మీకు బాగుంటుంది పిన్నీ. కాదు. బీరువాలో ఇంక పుస్తకం లేదు. ఇది అయిపోతే ఆవిడ నోరు తెరవదు, ఆవిడ తెరవకపోతే నన్ను మాన్పిస్తారు. నా పని కోసం ఆపాను. వీధిలో అందరూ నేను చదివానని తిడుతున్నారు. చదవలేదని ఒక్కరూ తిట్టలేదు."