అప్‌డేట్ మధ్యలో ప్లగ్ పీకేశాను

నా రాతలో తప్పులుంటే మన్నించండి. ఊరి బడిలో చదివినవాణ్ణి, ఫోన్‌లో రాయడం కొత్త.

పక్షవాతం వచ్చాక మా ఆవిడకు మాట పడిపోయింది. టీవీలో చర్చి పాటలు వస్తే మాత్రం వాటితోపాటు పాడుతుంది. నేను ఆమె గొంతు వినేది అప్పుడే.

ఈ రోజు పొద్దున టీవీ అప్‌డేట్ అవుతుండగా ఉరిమింది. అలవాటుకొద్దీ ప్లగ్ పీకేశాను. మళ్లీ పెడితే కంపెనీ గుర్తు దగ్గరే ఆగిపోయింది. పటమట నుంచి మెకానిక్ వచ్చి చూశాడు.

"లోపలి సాఫ్ట్‌వేర్ సగమే ఎక్కింది బాబాయ్ గారూ. ఆన్ అయ్యే ముందు టీవీ దాన్ని సరిచూసుకుంటుంది. కంపెనీది కాకపోయినా, సగమే ఉన్నా తెరవదు. దొంగ ప్రోగ్రాములు దూరకుండా ఆ కాపలా అండి."

"నేను దొంగని కాదు గదయ్యా."

"దానికి తెలీదు కదండీ. కంపెనీ వాళ్ల ఫైల్ రావాలి. ఎప్పుడొస్తుందో చెప్పలేను."

పిడుగు పడకుండానే నా చేత్తో నేనే ఇంత పని చేసుకున్నాను.

ఫోన్‌లో పాట పెట్టాను. ఆమె ఆ టీవీ వైపే చూస్తోంది. సిగ్గు విడిచి నేనే పాడాను. ఆమె పెదవి కదల్లేదు.

ఇలా ఆగిపోయిన టీవీని మీలో ఎవరైనా బాగు చేయించుకున్నారా? ఫోన్ పట్టుకునే కూర్చున్నాను, తొందరగా జవాబు రాయండి.