భూమి కూర్చుండిపోయింది

చిల్లకల్లు దాటాక సున్నపురాయి క్వారీలో పేలుడు వినబడితే ఇప్పటికీ నాకు మా బడి గుర్తొస్తుంది.

మూడో తరగతిలో మాస్టారు బడి ముందు ముగ్గుతో గుండ్రాలు గీసి, మమ్మల్ని గ్రహాలుగా చేసి తిప్పారు. "భూమి ఆగిందంటే అందరం చస్తామర్రా!" అన్నారు నవ్వుతూ. నేను నమ్మేశాను.

భూమి అయిన సుజాత అలిసిపోయి కూర్చుండిపోయింది. సరిగ్గా అప్పుడే క్వారీలో బ్లాస్టింగ్ జరిగి నేల అదిరింది.

"లేవ్వే! తిరుగు!" అని అరుస్తూ పలకతో దాని నుదుటి మీద కొట్టాను. రక్తం కారుతున్నా వదలకుండా జుట్టు పట్టుకుని ఈడ్చాను. మాస్టారు నన్ను పక్కకి లాగి చెంప పగలగొట్టారు.

"ఎందుకు కొట్టావే దాన్ని?"

"ఇది ఆగితే మా అమ్మ చచ్చిపోద్దండీ!" అన్నాను వెక్కుతూ.

సుజాత నెత్తురు తుడుచుకుని లేచి, మళ్లీ తిరగడం మొదలుపెట్టింది. నా దెబ్బకి భయపడి లేచిందని చాలా ఏళ్లు అనుకున్నాను. అది లేచింది మా అమ్మ కోసం.