కాక తాగని దోసిలి

కాక పోయిండని అమ్మ ఫోన్ చేసినప్పుడు నేను డ్యూటీల ఉన్న. ఊరి మురికినీళ్లను శుభ్రం చేసే ప్లాంటుల నేను సూపర్‌వైజర్‌ని. పక్కన పంపు నడుస్తుంటె అమ్మ మాట సరిగ్గ వినవడలే. "ఏ కాక?" అని అడిగిన. "మన కాకనే బిడ్డా, పక్కింటి కాక. చాయ్ తాగుకుంట అట్లనే ఒరిగిండు. దవాఖానకు తీస్కపోయేదాంక గూడ ఆగలే" అని ఏడ్సింది. నా పక్కన నడుస్తున్న ఆ పంపు మోటరుకు వైండింగ్ కట్టింది ఆయనే. ఆపరేటర్‌కు చెప్పి బయటవడ్డ.

మీకు కాక తెల్వదు గద, చెప్త. మా ఇంటికి, ఆయన ఇంటికి నడుమ ఒక్క గోడ. రక్తసంబంధం లేదు గని, నాకు మాటలొచ్చిన కాడికెల్లి కాక అనే పిలిచిన. ఇబ్రహీంపట్నంల మోటర్ వైండింగ్ దుకాణం ఆయనది. చుట్టుపక్కల ఎవరి బోరు మోటరు కాలినా ఆయన పాత స్కూటర్ పోవాల్సిందే. నోరు మాత్రం జర దురుసు. "కాలినంక ఏడ్వకున్రి, వేడెక్కినప్పుడే చూసుకోన్రి" అని రైతులను తిట్టేటోడు. మొగుడు పెండ్లాల పంచాయితీకి పిలిచినా గదే మాట.

ఆయనకొక పద్ధతి ఉండె. బాగైన మోటరును బోరుల దించి, కొబ్బరికాయ కొట్టి, స్విచ్ వేసినంక మొదలొచ్చే మట్టినీళ్లను పోనిచ్చేటోడు. నీళ్లు తేటవడంగనే దోసిలి పట్టి ముందు తనే తాగేటోడు. "ఊఁ, తియ్యగున్నయి, పట్టుకోన్రి" అన్నంకనే ఇంటోళ్లు బిందె పెట్టాలె. చిన్నప్పుడు మా బోరు కాడ నేను ముందుకురికితె చెయ్యి అడ్డం పెట్టి, "ఆగు పిల్లా, నేను తాగి బతికితె అప్పుడు తాగుదువు" అన్నడు. మా నాయన గూడ పడి పడి నవ్విండు.

కొంగరకలాన్ దిక్కు, బొంగులూరు దిక్కు చేన్లన్ని ప్లాట్లయినయి. చేనే లేనప్పుడు బోరు మోటరుతోని ఏం పని? కాక దుకాణంల ఈగలు తోలుకుంట కూసునుడు మొదలైంది. సరిగ్గ అప్పుడే మా ప్లాంటు మోటర్ల రిపేర్లను బయటోళ్లకు కాంట్రాక్టుకియ్యాలని పైనోళ్లు అనుకున్నరు. పెద్ద ఉపకారం చేస్తున్నట్టు నేనే ఉరికిన ఆయన కాడికి.

"మోరీ మోటర్లా బిడ్డా?" అని తల గోక్కున్నడు. "మళ్ల మంచినీళ్ల బోరును ముట్టనిస్తరా ఊరోళ్లు?"

"ఏ కాలంల ఉన్నవ్ కాక? నేను దినాం గా ప్లాంటులనే ఉంట. నేను వండింది మా అమ్మ తింటలేదా? ఫికర్ చెయ్యకు, నేనున్న గద."

నేనున్న గద! ఎంత అల్కగ వచ్చింది నోట్లకెల్లి.

టెండరు వేసిండు, పని ఆయనకే వచ్చింది. మోరీ మోటర్లకు దుకాణం ఎనుక వేరే రేకుల షెడ్డు వేసిండు. వాటికి వేరే పానాలు, వేరే అంగీ. "గివన్ని ఎందుకు కాక?" అంటె, "నాకోసం కాదు బిడ్డా, చూసేటోళ్ల కోసం" అన్నడు. చూసేటోళ్లు ఏమన్న ఊకున్నరా? ఒక పొద్దు బొంగులూరు కాడ ఇంక చేను అమ్మని ఒక రైతు బోరు బాగుచేసి దోసిలి పట్టవోతె, ఆ రైతు ముందుకొచ్చి, "నువ్వు ఆగు కాక, మేం చూసుకుంటం తియ్యి" అన్నడట. కాక గోడ మీదికెల్లి నాకు నవ్వుకుంటనే చెప్పిండు. "ఇయ్యాల నాకు దూప కాలేదని వాళ్లే చెప్పిన్రు బిడ్డా." నేనూ నవ్విన. తర్వాత తర్వాత ఆయన్ను పిలిచేటోళ్లే తక్కువైన్రు.

ఊరోళ్లను అనుడెందుకు, మొన్న ఎండాకాలం మా బోరు మోటరే కాలింది. కాకను పిలుస్తనని లేచిన. అమ్మ అడ్డమొచ్చింది. "గా మోరీల పెట్టిన చేతులు మన తాగే నీళ్లల్ల పెట్టనియ్య. వేరేటోన్ని పిలువు." అప్పుడు నా చెయ్యి పిండిల ఉంది, రొట్టె చేస్తున్న. గదే ప్లాంటు కాడికెల్లి వచ్చిన చెయ్యి. అమ్మా, ఈ చెయ్యి సంగతేందే అని ఒక్క మాట అడిగితె అయిపోతుండె. అడగలే. లొల్లి ఎందుకని ఫోన్ తీసి వేరే మెకానిక్‌ను పిలిచిన. థూ నా బతుకు!

ఆయనొచ్చి పైపులు పీకుతుంటె గోడవతల కాక నిలవడ్డడు. మా నాయన ఉన్నప్పుడు ఆ మోటరు దించింది కాకనే. వచ్చినాయన కాడ మోటరు పైకి గుంజే గొలుసు గట్టిది లేకుండె. కాక లోపలికి వోయి తన గొలుసు తెచ్చి, "తీస్కో తమ్మీ, ఇది గట్టిది" అని గోడ మీదికెల్లి అందించిండు. నేను ఆయన మొఖం దిక్కు చూడలేక వంటింట్లకు వోయిన. వేరే మోటరు దించినంక నీళ్లొచ్చినయి. మెకానిక్ కాళ్లు కడుక్కోని పోయిండు. దోసిలి పట్టినోడే లేడు. బయటికొచ్చి చూస్తె గోడ కాడ కాక గూడ లేడు.

తెల్లారి ఎప్పటి లెక్కనే ప్లాంటుకొచ్చి, "రెండో పంపు వేడెక్కుతుందా బిడ్డా?" అని అడిగిండు. ఒక్క మాటన్న తిడితె బాగుండు. అందరిని తిట్టే నోరు నా కాడ ఎందుకు మూసుకున్నవ్ కాక? ఇయ్యాల చెప్త, రేపు చెప్త, తప్పయింది కాక అని, అనుకుంటనే ఉన్న. కాలినంక ఏడుస్తున్న.

అమ్మ ఫోన్ విని నేను ప్లాంటు కాడికెల్లి వచ్చేసరికి కాకను వాళ్ల వాకిట్ల పండవెట్టిన్రు. తానం పొయ్యాలంటె వాళ్లింట్ల నీళ్లు లేవు. ఆ పొద్దు నల్లా రాలే. ఎవరో ట్యాంకర్ అన్నరు. మా అమ్మ మా వాకిట్లకు వోయి పైపు గుంజుకొచ్చి గోడ మీదికెల్లి ఇవతలికి ఏసింది. "మన బోరు నీళ్లు పొయ్యున్రి" అని కొంగు నోట్ల పెట్టుకోని ఏడ్సింది. ఆమెను నేనేమంట? వోయి స్విచ్ వేసిన.

ఆడోళ్లు బిందెలు పట్టుకోని వచ్చిన్రు. నేను మొదటి నీళ్లను కింద పోనిచ్చిన. తేటవడంగనే దోసిలి పట్టి కాక దిక్కు వోయిన. కాక పెండ్లాం చిన్నమ్మ ఆయన తలను జర పైకెత్తి, "పొయ్యి బిడ్డా" అన్నది. పెదవుల మీద పోసిన. లోపలికి పోలే. తెల్ల మీసాలు తడిసి, చెంప మీదికెల్లి మట్టిలకు కారినయి. పైపులకెల్లి నీళ్లు పోతనే ఉన్నయి. ఎవ్వరు బిందె పెట్టలే. ఆయన తియ్యగున్నయని చెప్తడేమోనన్నట్టు అందరు అట్లనే నిలవడ్డరు.