ఖాసింబీ పెద్దమ్మ కూపన్ల డబ్బా

పాసయ్యాను. మిగిలిపోయిన ఆ ఒక్క పేపరు కూడా పాసయ్యాను. నా డిగ్రీ అయిపోయింది. మా నాన్న వైపు గానీ అమ్మ వైపు గానీ డిగ్రీ దాకా వెళ్లినవాళ్లు ఇంతవరకూ ఒక్కరూ లేరు, ఇవాళ పొద్దున పది గంటల నుంచి నేనున్నాను. ఫలితాలు వచ్చాయని స్నేహితురాలు మెసేజ్ పెట్టగానే హాల్ టికెట్ కోసం అటక మీది రేకు డబ్బా దించి మూత తీశాను. గుప్పున గంధం సబ్బు వాసన, దాని వెనకే బట్టల సోడా వాసన. ఆ డబ్బాలో కూపన్లు ఖాళీ అయి నాలుగైదేళ్లయినా వాసన మాత్రం పోలేదు. ఫోన్‌కు సిగ్నల్ సరిగా దొరికేది మిద్దె మీదే కాబట్టి డబ్బాతో సహా పైకెక్కి, నంబరు కొట్టి, తెర మీద ఆ మాట చూసి, గద్వాల ఎండలో ఒక్కదాన్నే నిలబడి నవ్వుకున్నాను. అమ్మ ఇటిక్యాల వైపు సీడు పత్తి చేనికి కూలికి పోయింది. నాన్న మార్కెట్ యార్డులో బస్తాలు మోస్తున్నాడు. చెప్పడానికి ఇంట్లో ఎవరూ లేరు. అయినా ఈ కబురు ఎవరికి చెప్పినా, ఈ డబ్బా ఎవరిదో చెప్పకపోతే సగమే చెప్పినట్టు.

డబ్బా ఖాసింబీ పెద్దమ్మది. మా వాడలో మా ఇంటి నుంచి మూడో ఇల్లు వాళ్లది. ఆమె భర్త రోడ్డు మీద పంచర్లు వేసేవాడు. ఆమె లంగాలు కుట్టేది, గద్వాల చీరలకు కుచ్చులు ముడివేసేది. అమ్మకంటే పదేళ్లు పెద్దది కాబట్టి నాకు పెద్దమ్మ. ఏ భాషా చదవడం రాదు. కానీ ఊళ్లో ఏ దుకాణంలో ఏ సామాను ఏ రోజు అగ్గువకు దొరుకుతుందో ఆమెకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. తెల్లవారగానే పేపర్ల కట్టలు విప్పే చోటికి పోయి, మధ్యలోంచి జారిపడిన రంగుల కాగితాలు ఏరుకొచ్చేది. పేపరుతో ఆమెకు పని లేదు, ఆ కాగితాలతోనే పని. వాటి మీది కూపన్లు, సబ్బు కవర్ల మీది ముక్కలు, టీ పొడి ప్యాకెట్ల అంచులు కత్తిరించి, బొమ్మను బట్టి వేరు చేసి, రబ్బరు బ్యాండ్లు వేసి ఈ డబ్బాలో సర్దేది. సబ్బు కట్ట అడుగున, నూనె కట్ట పైన.

ఆమె పని తీరు ఒకటుండేది. రెండు కొంటే ఒకటి ఉచితం అని దుకాణంవాడు రాస్తాడు. ఒక ఇంటికి ఒకేసారి మూడు డబ్బాల సోడా అక్కరలేదు, కొనేంత డబ్బూ ఉండదు. మూడు ఇళ్లు కలిస్తే ఇంటికొకటి వస్తుంది, ఖర్చూ తగ్గుతుంది. అందుకని వాడలో ఏడు ఇళ్ల ఆడవాళ్లు తమ సామాన్ల చిట్టీలు ఆమె చేతిలో పెట్టేవారు. ఏ ఇంటిని ఏ ఇంటితో కలపాలో, ఏ రోజు పోవాలో ఆమె చూసుకునేది. ఆకలితో దుకాణానికి పోనిచ్చేది కాదు, ఆకలి మీద ఉంటే కంటికి కనబడ్డదల్లా సంచిలోకి వస్తుందని అందరికీ ఇంత రొట్టె తినిపించి బయల్దేరదీసేది. ఎప్పుడూ కొనే బిస్కెట్ ప్యాకెట్‌ను ఒకసారి అరచేతిలో అటూ ఇటూ ఊపి, గిది సన్నబడ్డది అంది. వెనక రాసిన గ్రాములు చదివితే నిజంగానే తగ్గాయి. ధర మాత్రం అదే ఉంది.

చదవడం నా పని. మూడో తరగతి నుంచీ బడి నుంచి రాగానే ఆమె గడప మీద కూర్చుని ఆ కాగితాలు పైకి చదివేదాన్ని. మొదట అడుగున ఉన్న చిన్నక్షరాలు, తర్వాత ఆఖరు తారీఖు, ఆ తర్వాతే ధర. వేరే వరుసలో చదివితే ఊరుకునేది కాదు. పైన ఇంత పెద్దగా రాసింది వదిలేసి కింద వెతకడమెందుకని ఒకసారి విసుక్కుంటే, కుచ్చు ముడివేస్తూనే జవాబు చెప్పింది.

"పెద్ద అక్షరాలు వాండ్ల కోసం రాసుకుంటరు బిడ్డా. చిన్నయి మన కోసం రాస్తరు."

నేను ఏడో తరగతిలో ఉండగా ఊళ్లోకి కొత్తగా ఒక పెద్ద దుకాణం వచ్చింది. లోపల చల్లగా ఉంటుందని, బండి తోసుకుంటూ మనమే సామాన్లు తీసుకోవాలని చెప్పుకున్నారు. వాళ్ల కాగితం నున్నగా మెరుస్తుండేది. కూపను తెచ్చినవాళ్లకు ఐదు లీటర్ల నూనె, చక్కెర, పప్పు బాగా తగ్గించి ఇస్తామని, మనిషికొక కూపనని పైన తెలుగులో రాసి ఉంది. నేను గడగడా చదివేశాను. అడుగున మాత్రం రెండు వరుసలు ఇంగ్లీషులో ఉన్నాయి. నాది తెలుగు మీడియం. ఒక్కొక్క అక్షరం తెలుసు గానీ కలిపితే అర్థం కాలేదు. ఆ చిన్నవాటిలో ఏం రాశారని పెద్దమ్మ అడిగింది. చుట్టూ వాడ ఆడవాళ్లున్నారు. మౌనికకు రానిదేముంది అని అప్పుడే ఎవరో మెచ్చుకున్నారు. ఏం లేదు పెద్దమ్మా అనేశాను.

మనిషికొక కూపన్ కాబట్టి ఏడుగురూ రావాలి. బడి సెలవైతే పెద్ద పిల్లలు చిన్నవాళ్లను చూసుకుంటారని ఆదివారం పెట్టుకున్నారు. పత్తి చేన్లలో కూలి బాగా దొరికే రోజులవి. ఒక రోజు కూలి వదులుకుని, ఉతికిన చీరలు కట్టుకుని వచ్చారు. నేనూ వెంట వెళ్లాను. బండ్ల నిండా సామాన్లు నింపి వరుసలో నిలబడ్డాక, బిల్లు కొట్టే అమ్మాయి కూపన్లు చూసి, ఇవాళ ఇవి పనికిరావంది. మేనేజర్ వచ్చాడు. ఆదివారం చెల్లదని కింద ఇంగ్లీషులో ఉంది కదమ్మా, చదువుకుని రావాలని నలుగురికీ వినబడేలా చెప్పాడు. నా చెవులు వేడెక్కాయి. పెద్దమ్మ నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

"నాకు సదువు రాదు సార్. అడిగి తెలుసుకోకపోవుడు నాదే తప్పు," అంది. తర్వాత మావాళ్ల వైపు తిరిగి, ఏ అరలోంచి తీసినవి ఆ అరలోనే పెట్టాలని చెప్పింది. ఏడుగురు ఆడవాళ్లు చప్పుడు లేకుండా నూనె డబ్బాలు, పప్పు ప్యాకెట్లు ఒక్కొక్కటే తిరిగి సర్దారు. దారి పొడుగునా రత్నమ్మత్త మాట్లాడుతూనే ఉంది. ఆమెది మా ఎదురిల్లు, నోరు కొంచెం పదును.

"ఖాసింబీ నూనె మస్తు అగ్గువకిప్పిచ్చింది వదినా, ఒక దినం కూలికే," అంది. ఎవరూ నవ్వలేదు. ఆ మర్నాటి నుంచి ఆమె గడప దగ్గరికి ఒక్క చిట్టీ రాలేదు.

నాలుగు రోజులు నేనూ అటు పోలేదు. ఐదో రోజు ఉండబట్టలేక వెళ్లాను. ఒడిలో చీర అంచు పరుచుకుని కుచ్చులు వేస్తోంది. ఆ ఇంగ్లీషు నాకు రాలేదని, ఏం లేదని అబద్ధం చెప్పానని ఏడుస్తూ చెప్పాను. ఆమె తలెత్తలేదు.

"నాకెరికే. నీ కండ్లు ఆడ ఆగినయి. నోరే ఆగలే."

మరి అక్కడ అందరి ముందూ ఎందుకు చెప్పలేదని అడిగాను. ఈసారి దారం పక్కన పెట్టింది.

"చెప్తే ఏమైతుండె? నిన్ను బడికి పంపుడు దండుగ అని రత్నమ్మ వాడంత తిరిగి చెప్తుండె. మీ నాయిన ఆ మాట ఇంటుండె. నా మీద కోపమొస్తే నాల్గు దినాలకు పోతది. నీ బడి పోతే మల్ల వస్తదా?"

అప్పటికి మా వాడలో ఏడో తరగతి దాటిన ఆడపిల్లలు ఇద్దరే. చేన్లలో పత్తి పూలకు పుప్పొడి పట్టించడానికి చిన్న చేతులుంటే మేలని పిలుచుకుపోయేవాళ్లు ఎప్పుడూ ఉండేవారు. నాన్న మంచివాడే గానీ పది మంది మాటకు లొంగేవాడు. ఆ రోజు కౌంటర్ దగ్గర ఆమె నెత్తిన వేసుకున్నది మేనేజర్ మాట ఒక్కటే కాదని నాకు పూర్తిగా అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది. నా ముఖం చూసి ఆమె నవ్వేసింది.

"రానిది రాదు అను. నేను దినాం అంటలేనా? ఎవరన్న కొరికిండ్రా?"

మర్నాడు సాయంత్రం నన్ను వెంటబెట్టుకుని బజారులో మందుల దుకాణం పెద్దాయన దగ్గరికి తీసుకుపోయింది. ఆ కాగితం ఆయన ముందు పెట్టి, అడుగున ఏముందో మెల్లగా చదవమంది, ఈ పిల్ల రాసుకుంటదని చెప్పింది. వ్యాలిడ్, ఓన్లీ, ఎక్సెప్ట్, సండే. నోటుపుస్తకం చివరి పేజీలో తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసుకున్నాను. ఆ తర్వాత ప్రతి కొత్త కాగితానికీ ఇదే వరుస. అర్థం కాని మాట కింద గీత గీయడం, దుకాణం ఖాళీగా ఉన్న వేళ చూసి అడగడం. బళ్లో ఇంగ్లీషు పాఠంలో కుక్కలూ పిల్లులూ ఉండేవి, నాకు మాత్రం షరతులు వచ్చేవి. పదో తరగతి అయ్యేసరికి సబ్బు కవరు వెనకున్నదంతా నిఘంటువు లేకుండా చదివేదాన్ని. ఏ భాషా చదవలేని మనిషి నాకు ఇంగ్లీషు నేర్పిందంటే కాలేజీలో ఎవరూ నమ్మలేదు.

వాడ కోపం నాలుగు దినాలకు పోలేదు, రెండు నెలలు పట్టింది. దసరాకు ముందు ఒకనాడు రత్నమ్మత్త వచ్చి గడప బయటే నిలబడింది. ఊరికే వచ్చానంది. ఎండ గురించి, బోరు నీళ్ల గురించి మాట్లాడింది. పోతూ పోతూ, ఈసారి పోయేటప్పుడు తనకూ రెండు కిలోల శనగపప్పు చూడమంది. పెద్దమ్మ సూది బెజ్జంలోంచి దారం తీస్తూ అడిగింది.

"చిట్టీ ఇంట్ల మరిచినవా, కొంగుల దాచినవా?"

కొంగులోనే ఉంది. తీసి ఇచ్చింది. ఆ వారం మిగతా ఇళ్ల చిట్టీలూ వచ్చాయి. బయల్దేరే ముందు అందరికీ వినబడేలా కాగితం మొత్తం చదివించింది. మధ్యలో ఒక మాట దగ్గర నేను ఆగి, ఇది నాకు రాదు, అడిగి వస్తానన్నాను. రత్నమ్మత్త ఏదో అనబోయింది. పెద్దమ్మ ఆమె చేతిలో రొట్టె పెట్టింది.

నేను ఇంటర్‌లో ఉండగా పెద్దమ్మ భర్త పోయాడు. రాయచూరులో ఉండే కూతురు వచ్చి ఆమెను తీసుకుపోయింది. సామాన్లు ఆటోలోకి ఎక్కించాక ఈ డబ్బా నాకిచ్చింది. గడువు దాటిన కూపన్లన్నీ పారేశానని, నా కాగితాలు పెట్టుకోమని చెప్పింది. అప్పటి నుంచీ నా సర్టిఫికెట్లన్నిటికీ గంధం సబ్బు వాసనే.

తర్వాత వనపర్తిలో హాస్టల్లో ఉండి బీకాం చదివాను. ఈ ఎండాకాలం ఆఖరి సెమిస్టర్‌లో ఒక్క పేపరు తప్పాను. నాగర్‌కర్నూల్‌లో విత్తనాల వ్యాపారం చేసే ఒక ఆఫీసువాళ్లు నన్ను లెక్కల పనికి తీసుకుంటామని, కాకపోతే రెండు నెలల్లో డిగ్రీ పాసైన కాగితం చూపించాలని అన్నారు. నోటీసు బోర్డు దగ్గర గుంపులో నిలబడి మొదటి పేజీ చూశాను. తప్పినవాళ్లకు మళ్లీ పరీక్ష వచ్చే సంవత్సరమే అని ఉంది. బస్సెక్కి ఇంటికొచ్చేశాను. నాన్నకు మోకాళ్లు అరిగాయి, నా జీతం కోసం ఇల్లంతా ఎదురు చూస్తోంది. నాన్న కండువా దులిపి మళ్లీ యార్డుకు పోయాడు. నాకు రాయచూరుకు ఫోన్ చేయాలనిపించింది. ఏడుపు మధ్యలో అంతా చెప్పాను. ఆమె ఊ కొడుతూ విని, ఓదార్చకుండా ప్రశ్న అడిగింది.

"కాగితం కిందిదాంక సదివినవా?"

లేదన్నాను.

"ఆఖరు తారీఖు ఎప్పుడంట?"

తెలియదన్నాను. పొద్దున మొదటి బస్సుకు పోయి చదివి, తర్వాత ఏడువమంది.

పోయాను. నోటీసు నాలుగు పేజీలుంది. నాలుగో పేజీ అడుగున, ఇంగ్లీషులో, ఆఖరి సెమిస్టర్‌లో ఒక్క పేపరే మిగిలినవాళ్లకు ప్రత్యేక పరీక్ష ఉంటుందని రాసి ఉంది. ఫీజు కట్టడానికి ఆఖరు తారీఖు ఆ మర్నాడే. ఆ వాక్యం చివర ఇంకో మెలిక ఉంది, అది నాకు వర్తిస్తుందో లేదో ఎంత చదివినా తేలలేదు. వెనక డిగ్రీ పిల్లల వరుస, ముందు ఆఫీసు కిటికీ. బీకాం చదివినదానికి ఇంగ్లీషు అర్థం కాలేదా అంటారేమో అనిపించింది. ఇది నాకు అర్థం కాలేదు సార్, కొంచెం చెప్పండి అన్నాను. క్లర్కు సారు కళ్లద్దాలు పైకి తోసుకుని చదివారు. కాలేజీ వాళ్లు వేసే ఇంటర్నల్ మార్కుల్లో పాసై ఉండాలట. నేను పాసయ్యే ఉన్నాను. ఫారం నింపి ఇచ్చాను. ఎవరూ కొరకలేదు.

ఇంకా ఫోన్ చేయవలసినవాళ్లు:

నాన్నకు. పన్నెండు దాటాక, భుజం మీద బస్తా లేని వేళ చూసి.

అమ్మకు. ఆమె దగ్గర ఫోన్ లేదు, చేనికి తీసుకుపోయే ఆటో అతనికి చేసి ఇవ్వమనాలి.

రత్నమ్మత్తకు. ఎదురిల్లే, అయినా ఫోన్‌లోనే చెప్పాలి, స్పీకర్ పెట్టుకుని వాడంతా వినిపిస్తుంది.

మందుల దుకాణం పెద్దాయనకు.

నాగర్‌కర్నూల్ ఆఫీసుకు. గడువుకు ఇంకా ఆరు రోజులున్నాయి.

ఖాసింబీ పెద్దమ్మకు, మళ్లీ. అందరికంటే ముందు ఆమెకే చేశాను, ఎత్తలేదు. ఇవాళ బుధవారం, రాయచూరులో ఆమె పోయే దుకాణంలో కూరగాయలు అగ్గువ. లోపల ఉన్నంతసేపు ఫోన్ ఎత్తదు, ధ్యాస చెదురుతుందట. పాసయ్యానంటే సంబరపడుతుంది, ఆ వెంటనే కిందిదాకా చదివావా అని అడుగుతుంది. చదివాను. తెర అడుగున చిన్నక్షరాల్లో, ఇది నకలు మాత్రమే, అసలు మార్కుల మెమో కాలేజీలో తీసుకోవాలి అని ఉంది. తారీఖు రాయలేదు.

కాబట్టి, క్లర్కు సారుకు. ఆఖరు తారీఖు ఎప్పుడో అడగాలి.